తిమ్మిర్లు వస్తే టవరును తిట్టాలా?



"సెల్ టవరు కిరణాలు నరాలను లాగేస్తాయా?" అని మీలో చాలామంది అడిగారు. ఇవాళ ఆ మాటే చెప్పుకుందాం.

వేడి పెనం తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. పెనం కాలుతోందన్న కబురు మోసింది నరం. ఆ కబురు సన్నని కరెంటులా నడుస్తుంది. అందుకని మీకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు.

సెల్ ఫోను తరంగాలు, పట్నంలో కూరలు వేడి చేసే మైక్రోవేవ్ పొయ్యి తరంగాలు ఒకే జాతివి. పొయ్యిలో అవి సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతాయి. నరం ఒక్క కబురు అందుకోవాలంటే సెకనులో వెయ్యో వంతు కావాలి. ఆ కాస్తలోనే తరంగం 24 లక్షల సార్లు అటూ ఇటూ ఊగిపోతుంది. ఊయలను అంత జోరుగా అటూ ఇటూ తోస్తే ఊగుతుందా? ఉన్నచోటే ఉంటుంది. నరమూ అంతే.

అయితే వేడి మాత్రం నిజం. తరంగాలు బాగా బలంగా తగిలితే ఒళ్లు లోపల కాగుతుంది. అప్పుడు నరమైనా, కండైనా దెబ్బ తింటుంది. పొయ్యి తలుపు మూస్తేనే పనిచేసేలా చేసింది అందుకే. టవరు కింద నడిచే మనిషికి అంత వేడి తగలదు. పైగా 2012లో మన ప్రభుత్వం టవర్ల హద్దును అంతర్జాతీయ హద్దులో పదో వంతుకు తగ్గించింది.

ఒక వింత చెబుతాను. రాడార్ల దగ్గర కొందరికి చెవిలో టిక్కు టిక్కుమని వినిపించేది. అమెరికాలో అలన్ ఫ్రే అనే ఆయన 1961లో దాని గురించి రాశాడు. తరంగం దెబ్బదెబ్బగా తగిలితే తల లోపల రవ్వంత వేడెక్కి, రవ్వంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బే చప్పుడై లోపలి చెవికి చేరుతుంది. అక్కడా మూలం వేడే!

మరి కాళ్ల తిమ్మిర్లు? నా భయమంతా ఇక్కడే. చక్కెర జబ్బు ఉన్నట్టు తెలియక ఏళ్లు గడిస్తే కాళ్ల నరాలు చెడతాయి. ముందు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మండుతాయి. తర్వాత ముల్లు దిగినా తెలియదు. పుండు పడ్డాకగానీ చూసుకోరు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే కుష్టు కావచ్చు. దానికి మందు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఆలస్యమైతే మాత్రం వేళ్లు వంకర పోతాయి. టవరును తిడుతూ కూర్చుంటే ఈ రెండూ లోలోపల ముదురుతాయి.

తిమ్మిర్లు ఉన్నవాళ్లు ఈ వారమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పొద్దున్నే, టీ కూడా తాగకుండా వెళ్లి నెత్తురు పరీక్ష చేయించుకోండి. చీటీలో అంకెను ఎవరిచేతా చదివించుకోవద్దు, మీరే చదవండి. 126 గానీ, అంతకు ఎక్కువ గానీ ఉంటే చీటీ పట్టుకుని అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి.