రాయి నుంచి నీటిలోకి



ఈ సంగతిని మొదట కనిపెట్టింది ఎద్దులను తోలే రైతులే. ఆనాటి నెల్లూరు జిల్లా రైతులు, దుక్కి ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోవడం చూశారు. కొన్నేళ్లకు అదే బిగువు మనుషులకూ వచ్చింది. 1937లో వైద్యులు పరీక్షించి, తాగే నీళ్లలో వున్న ఫ్లోరైడే దీనికి కారణమని ప్రకటించారు. అక్కడ గనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. భూమిలోని రాయే కొద్దికొద్దిగా కరిగి బావిలోకి దిగింది. ఆ నీళ్లు చూడబోతే తేటగానే వుండేవి.

గని తవ్వకుండానే యింత జరిగిందే, తవ్వితే ఏమవుతుంది? బండ బండగా వున్నంతకాలం నీరు దాని పైపైనే తగులుతుంది. అదే బండను పిండిగా కొడితే ప్రతి రేణువుకూ నీరు అంటుతుంది. బెల్లపు గడ్డ కరగడానికీ, బెల్లపు పొడి కరగడానికీ వున్న తేడా మీకు నేను చెప్పనక్కరలేదు గదా. గనిలో ఖనిజం తీసుకోగా మిగిలిన బురదను ఒక చెరువులో నిలవ చేస్తారు. టెయిలింగ్ పాండ్ అంటారు దాన్ని. దాని అడుగు గట్టిగా లేకపోతే ఊట భూమిలోకి దిగుతుంది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని వుంది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ రాయి సున్నపురాయి జాతిది కాబట్టి, ఆమ్లంతో కాకుండా సోడా క్షారాలతో యురేనియాన్ని తీస్తారు. 2018, 2019 సంవత్సరాలలో చుట్టుపక్కల గ్రామాల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ మొరపెట్టుకున్నారు. కాలుష్య నియంత్రణ మండలి విచారించింది. తమ వల్ల కాదని గని సంస్థ అన్నది. ఆ నేలలో యురేనియం మొదటినుంచీ వున్నదే గదా అన్న వాదమూ వచ్చింది.

యిక్కడే మనం ఆగి ఆలోచించాలి. రాయిలో ఖనిజం వుందన్నది నిజమే, లేకపోతే గని ఎందుకు తవ్వుతారు! “నిన్నటిదాకా మా నీళ్లు బాగున్నాయి” అన్న రైతు మాటా నిజం కావచ్చు. ఈ తగవును తీర్చేది ఒకటే: గని రాకముందు ఆ బోరు నీటికి చేయించిన పరీక్ష కాగితం. అది చాలామంది దగ్గర వుండదు. పొలం పాసుపుస్తకం ఎంత భద్రంగా దాస్తామో, యీ కాగితాన్నీ అంత భద్రంగా దాయాలి.

మన గుణదల వాళ్లకు ఏలూరు కాలువ వుంది, కొండల ఊసెందుకని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నిజమే, కాలువ పారినన్నాళ్లు దిగులు తక్కువే. ఎండాకాలం కాలువ కట్టేశాక అందరమూ బోరు దగ్గరికేగా పోయేది! కొండపల్లి కొండల్లో క్రోమైటు రాయి వుంది. వినుకొండ వైపు అగ్నిగుండాలలో సీసపు గని నడిచి మూతపడింది. ఈ రెండుచోట్లా నీళ్లు చెడిపోయాయని నేను చెప్పడం లేదు. తవ్విన కొండ పక్క బోరు వేసినవాడు ఒకసారి చూపించుకోవాలంటున్నాను.

చూపించడంలో చిన్న మెలిక వుంది. సాగునీటి పరీక్షలో ఉప్పు, క్షారం, సోడియం మాత్రమే చూస్తారు. సీసం, క్రోమియం, యురేనియం అడగనిదే చూడరు. “ఫలానా గని పక్కన బోరు, ఫలానా లోహం చూడండి” అని కాగితం మీద రాసి యివ్వాలి. అయినా మామూలు పరీక్ష దండగ కాదు. సోడా వాడే గని పక్కన నీటిలో సోడియం ఏటేటా పెరుగుతుంటే అదే మొదటి హెచ్చరిక. అటువంటి నీళ్లు పెడితే నేల కారు చౌడుగా మారి, నీరు యింకక, మొక్క వేరు వూపిరాడక చస్తుంది. జిప్సం వేస్తే చౌడు తగ్గుతుంది గాని, లోహం పోదు.

నీళ్లు పట్టేటప్పుడు మోటారును పది నిమిషాలు నడవనిచ్చి పట్టండి. లోహాల పరీక్షకు సీసా పరీక్షశాల నుంచే తెచ్చుకోవడం మంచిది. వాళ్లు అందులో కొంచెం ఆమ్లం వేసి యిస్తే దాన్ని కడిగేయకండి. ఫ్లోరైడుకైతే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి పట్టాలి, గాజు సీసా పనికిరాదు. సర్వే నంబరు, బోరు లోతు, తేదీ సీసా మీద రాయండి. వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి పంపండి. రెండింటికీ తేడా వుంటుంది.

ఫలితం వచ్చాక అంకెలు చూసుకోండి. తాగే నీటిలో లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు వుంటే మేలు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. సీసం 0.01, క్రోమియం 0.05 దాటరాదు. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 0.03. యురేనియం ముఖ్యంగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి: కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని యివి పోవు. నీరు ఆవిరైపోయి, మిగిలిన నీటిలో యింకా చిక్కబడతాయి.

హద్దు దాటితే ఆ బోరును తాగడానికీ, వంటకూ, పశువుల తొట్టికీ ఆపండి. తోటకు వాడవచ్చునా అన్నది ఏ లోహం, ఎంత వుంది, ఏ పంట అన్నదాన్ని బట్టి వుంటుంది. ఆ కాగితం పట్టుకుని మీ వ్యవసాయాధికారి దగ్గరికి రండి. అందాకా ఆ నీటితో ఆకుకూరలు వేయవద్దు. గని దుమ్ము పడే చోట ఆకుకూరను రెండు మూడు నీళ్లలో కడిగి వండండి. సీసం నీటి వెంట వచ్చేదానికంటే దుమ్ముగా ఆకు మీద కూర్చునేదే ఎక్కువగా వుంటుంది.