ఏం పని చేస్తారు?



మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు ఆరేళ్ళ మనుమరాలు వుంది. నిరుటి మాట చెబుతున్నాను. ఆ పిల్ల అస్తమానం కడుపునొప్పి అని మెలికలు తిరిగేది. మొహం పాలిపోయింది. అన్నం సహించదు, ఊరికే పేచీ. "ఏలికపాములేనమ్మగారూ" అనేది ముసలమ్మ. నేనూ అలాగే అనుకున్నాను. మూడుసార్లు పురుగుల మందు పోశారు, గుణం కనిపించలేదు. చివరికి ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే ఆవిడ పిల్లను చూసి, మందు రాసేముందు ఒక్క ప్రశ్న వేసింది: "వీళ్ళ నాన్న ఏం పని చేస్తాడు?"

పాత బాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు కరిగించే కొట్లో పని. రక్తం పరీక్ష చేయిస్తే పిల్ల వొంట్లో సీసం చేరిందని తేలింది. ఆ పిల్ల ఏనాడూ కొట్టు గుమ్మం తొక్కలేదు. మరి సీసం ఎలా వచ్చిందంటారా? నాన్న చొక్కా మీద, జుట్టులో, చెప్పుల కింద దుమ్ముగా వచ్చింది. వాళ్ళమ్మ ఆ చొక్కాను గడపలో నిలబడి దులిపి, పిల్ల గౌన్లతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టేది. మనం మాత్రం చేసేది వేరా?

డాక్టరమ్మ వేసిన ప్రశ్న చాలా పాతది. ఇటలీలో మోడెనా పట్టణంలో రామజ్జీని అనే వైద్యుడు వుండేవాడు. ఒకనాడు ఆయన ఇంట్లోనే పాయిఖానా గుంట ఎత్తుతున్నారు. పనివాడు ఒగరుస్తూ మహా ఆత్రంగా చేస్తున్నాడు. ఎందుకయ్యా అంత తొందర అని అడిగితే, ఇందులో ఎక్కువసేపు వుంటే కళ్ళు పోతాయి బాబూ అన్నాడట. అది ఆయన మనసులో నాటుకుంది. ఎన్నో వృత్తుల వాళ్ళ జబ్బులను విచారించి 1700లో పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలకు, నీవు చేసే పనేమిటి అన్నది కూడా చేర్చమని తోటి వైద్యులకు చెప్పాడు.

ఆ ప్రశ్న పట్టుకుని ఊరంతా తిరిగిన స్త్రీ ఒకరున్నారు. డాక్టర్ ఆలిస్ హామిల్టన్. 1910లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, పనుల వల్ల వచ్చే విషాలను గురించిన విచారణ ఆవిడకు అప్పగించారు. ఫాక్టరీల్లో లెక్కలు లేవు. ఆస్పత్రి పుస్తకాల్లో సీసపు విషం అని రాసివుంటే, ఏ పనిలో వచ్చిందో రాసివుండదు. అందుకని ఆవిడ పనివాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. యజమాని ఎదుట నోరు విప్పనివాడు తన ఇంట్లో భయం లేకుండా చెబుతాడు గదా!

ఒక ఆస్పత్రిలో సీసపు విషంతో పడివున్న పోలెండు దేశస్థుడు, నేను స్నానపు తొట్లకు ఇనామిల్ వేస్తాను అన్నాడు. ఫాక్టరీకి వెళితే, మా దగ్గర సీసమే లేదు అన్నారు, గది కూడా చూపించారు. తీరా ఆ పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగితే, మీరు చూసింది చివరి మెరుగు పని, అసలు పని వేరే చోట అని చెప్పారు. ఎర్రగా కాలిన తొట్టి మీద ఇనామిల్ పొడి చల్లేవారట. ఆ పొడి సంపాదించి పరీక్ష చేయిస్తే, అందులో నూటికి 20 వంతుల దాకా సీసం! ఈ విచారణ తర్వాత 1911లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ప్రమాదకరమైన పనుల్లో వుండే వాళ్ళకు నెలనెలా వైద్య పరీక్ష చేయాలి, జబ్బు కనిపిస్తే ప్రభుత్వానికి తెలపాలి అన్నారు. 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయం ఆవిడను పిలిచి వుద్యోగం ఇచ్చింది. అక్కడి మొదటి మహిళా అధ్యాపకురాలు ఆవిడే. కాని స్నాతకోత్సవం వూరేగింపులో నడవకూడదని షరతు పెట్టారు. చదువుకున్న మగవాళ్ళ తీరు చూశారా!

ఇక బట్టల సంగతి. 1965లో లండనులో ఇద్దరు పరిశోధకులు, ఊపిరితిత్తుల పైపొరకు, పొట్ట లోపలి పొరకు వచ్చే ఒక అరుదైన కాన్సరు గురించి వెతికారు. ఆస్‌బెస్టాస్ పనివాళ్ళకు వచ్చిందంటే అర్థముంది. ఆ పని ఎన్నడూ చేయనివాళ్ళూ కనిపించారు. ఇంట్లో ఎవరేం చేసేవారని అడిగితే, వాళ్ళలో తొమ్మిది మంది ఆస్‌బెస్టాస్ పనివాళ్ళతో కలిసి బతికినవాళ్ళే. ఎక్కువగా, భర్త పనిబట్టలు వుతికిన భార్యలు.

మన దేశంలోనూ 1948లో ఫాక్టరీల చట్టం చేసినప్పుడే, సీసపు జబ్బు వంటివి చూసిన డాక్టరు ప్రధాన ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని రాశారు. కాని వీధి చివర ఇద్దరు ముగ్గురు పనిచేసే కొట్టు ఫాక్టరీ లెక్కలోకి రాలేదు. అక్కడ కళ్ళు తెరుచుకుని వుండవలసింది ఇంటివాళ్ళే.

మీవారో, అబ్బాయో బాటరీ, రంగు, వెల్డింగు, రాయి కోసే పనుల్లో వుంటే, ఆ బట్టలు ఇంట్లోకి రానివ్వకండి. తప్పనప్పుడు దులపకుండా తడిపి, విడిగా వుతకండి. గది చీపురుతో వూడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. డాక్టరు అడక్కపోయినా, ఇంట్లో ఎవరేం పని చేస్తారో మీరే చెప్పండి.

మా డాక్టరమ్మ పిల్ల చీటీ మీద జబ్బు పేరుతోపాటు తండ్రి పని, కొట్టున్న వీధి కూడా రాసుకుంది. రెండు నెలలు తిరక్కుండా అదే వీధి పనివాళ్ళ పిల్లలు మరో ఇద్దరు అదే నొప్పితో వచ్చారు. అప్పుడు కొట్టు యజమానిని పిలిపించి, ముగ్గురి చీటీలూ ముందుపెట్టి మాట్లాడింది. ఇప్పుడు కొట్టు వెనక ఒక కుళాయి, తడిక చాటున స్నానాల గది వచ్చాయి. ఆ నాన్న వొళ్ళు కడుక్కుని, వేరే చొక్కా తొడుక్కుని ఇల్లు చేరుతున్నాడు. పిల్లకు కడుపునొప్పి తగ్గింది. రక్తం మాత్రం మూడు నెలలకోసారి చూపించమన్నారు. వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి.