పాత లారీకి ఎంత పెట్టొచ్చు?



చీర కొనేటప్పుడు అంచు లాగి చూస్తారు. రంగు పోతుందా అని అడుగుతారు. లారీ మాటొస్తే మాత్రం "అది మగవాళ్ల లెక్క" అని తప్పుకుంటారు. మరి ఆ లారీకి పెట్టేది సంఘం పొదుపు డబ్బయితే?

కృష్ణా జిల్లాలో ఒక ఊరు అనుకోండి. అక్కడ సంఘంలో ఒకామె అప్పు అడిగింది. ఆమె భర్తకు సొంత లారీ ఉంది. గేరుబాక్సు, వెనక క్రౌను, డీజిల్ పంపు పాడై బండి ఆగిపోయింది. అది కదిలితేనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది. అదే మోడలు పాత లారీ ఒకటి పక్క ఊళ్లో తుమ్మచెట్టు కింద మూడేళ్లుగా పడి ఉంది. సామాన్ల కోసం దాన్ని కొంటానంటాడు. యజమాని 2,50,000 రూపాయలు చెప్పాడు. "ఇంజనే లక్ష చేస్తుంది" అన్నాడట.

సంఘం వాళ్లు సరే అనలేదు, కాదనీ అనలేదు. నలుగురు ఆటో ఎక్కి లారీ చూడ్డానికి వెళ్లారు.

ముందు ఆర్.సి. అడిగారు. లెక్కలు రాసే అమ్మాయి కూడబలుక్కుని చదివింది. ఖాళీ బండి బరువు 5,200 కిలోలు అని ఉంది. ఛాసిస్ నంబరును బండి మీద కొట్టిన నంబరుతో అంకె అంకె సరిచూసింది. కలిసింది.

తర్వాత ఇంజను. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగారు. మంచి ఇంజనులో వాడిన ఆయిలు నల్లగా ఉంటుంది. ఇక్కడ పాలు పోసిన టీలా ఉంది.

"అన్నయ్యా, ఇదేంటి తెల్లగా ఉంది?" అని ఒకామె అడిగింది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "లోపలికి నీళ్లు దిగాయి చెల్లెమ్మా" అన్నాడు.

అప్పటికి ఇంజను ధర పోయింది. ఇక దాన్ని ఇనుము కిందే లెక్క కట్టాలి.

లెక్క ఇలా వేశారు. కావలసిన మూడు సామాన్లు విజయవాడ ఆటోనగర్‌లో పాతవి కొంటే ఎంతవుతుందో ఫోను చేసి కనుక్కున్నారు. కొత్తవాటి ధర అడిగితే లెక్క తప్పుతుంది. గేరుబాక్సు 35,000, క్రౌను 40,000, పంపు 20,000. మొత్తం 95,000. టైర్లలో పనికొచ్చేవి రెండే. వాటికి 12,000. బరువులో చెక్క బాడీ, టైర్లు, తీసుకునే సామాన్లు పోను ఇనుము 3,000 కిలోలు ఉంటుందనుకున్నారు. ఆ రోజు తుక్కు ధర కిలో 30 రూపాయలు. అంటే 90,000. అన్నీ కలిపి 1,97,000. ధరలు రోజుకో రకంగా ఉంటాయి గానీ లెక్క వేసే తీరు ఇదే.

ఇందులోంచి లాగించే ఖర్చు 15,000, విప్పడానికి కూలి 12,000 తీసేయాలి. లక్షన్నర అప్పుకు నూటికి రూపాయి చొప్పున ఆరు నెలల వడ్డీ 9,000. ఇవి పోతే 1,61,000 మిగిలింది. ఇది కూడా గేరుబాక్సు బాగుంటేనే. మూత విప్పితే గానీ లోపల పళ్లు అరిగాయో లేదో తెలీదు. విప్పి చూపించకపోతే 1,25,000 దాటొద్దని తేల్చారు.

యజమానికి కోపం వచ్చింది. "లారీ గురించి మీకేం తెలుసు?" అన్నాడు. పెద్దక్క కాగితం ఆయన ముందు పెట్టింది. ఒక్కో అంకె చదువుతూ ఆయన మెత్తబడ్డాడు. సాయంత్రానికి గేరుబాక్సు మూత విప్పించాడు. పళ్లు బాగానే ఉన్నాయి. బేరం 1,50,000 దగ్గర కుదిరింది.

ఇంకొకటి మిగిలింది. విప్పేసిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు యజమాని తెలపాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఆ మాట ఉంది. 2021 నిబంధనల తర్వాత రిజిస్టరైన తుక్కు కేంద్రాలు వచ్చాయి. మిగిలిన ఛాసిస్‌ను అక్కడికే పంపిస్తామని కాగితం మీద రాసుకున్నారు.

అందరూ లేవబోతుంటే లెక్కల అమ్మాయి ఆర్.సి. మళ్లీ తీసింది. అడుగున ఒక ఫైనాన్సు కంపెనీ పేరుంది. అప్పు తీరినట్టు ఎక్కడా లేదు. తీరకపోతే ఆ కంపెనీ వాళ్లు వచ్చి బండి పట్టుకుపోతారు.

"బాకీ లేదన్న కాగితం తెచ్చి, ఆర్.సి.లో ఆ పేరు కొట్టేయించు నాయనా. డబ్బు అప్పుడు ఇస్తాం" అంది పెద్దక్క.

ఆయన తెస్తానని వెళ్లాడు. అప్పటిదాకా డబ్బు సంఘం ఖాతాలోనే ఉంది.