వెబ్ బ్రౌజర్లు – వీడియో ఫార్మాట్లు



ఒకే వీడియో ఫైలు ఒక కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తుంది. మరో కంప్యూటర్‌లో మాట మాత్రమే వినిపించి, బొమ్మ రాదు. ఫైలు పాడైందని అనుకుంటాం. కాని చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది. దాన్ని విప్పే సాధనం ఆ బ్రౌజర్‌లో ఉండదు. ఇలా ఎందుకు జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా రెండు పదాలు గుర్తుంచుకోండి: కంటెయినర్, కోడెక్. కంటెయినర్ అంటే పెట్టె. ఎంపీ4, వెబ్‌ఎం అనేవి పెట్టెల పేర్లు. దృశ్యాన్ని, ధ్వనిని కుదించి, తిరిగి విప్పే పద్ధతి కోడెక్. ఎంపీ4లో సాధారణంగా దృశ్యానికి హెచ్.264, ధ్వనికి ఏఏసీ ఉంటాయి. వెబ్‌ఎంలో దృశ్యానికి వీపీ8, వీపీ9 లేదా ఏవీ1, ధ్వనికి వోర్బిస్ లేదా ఓపస్ ఉంటాయి. ఫైలు పేరు చివరి అక్షరాలు పెట్టె ఏదో చెబుతాయి. లోపలి కోడెక్ ఏదో చెప్పవు. ధ్వని కోడెక్ తెలిసి, దృశ్య కోడెక్ తెలియని బ్రౌజర్‌లో మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు.

తొలి రోజుల్లో వీడియో చూడాలంటే ఫ్లాష్ వంటి ప్లగిన్‌ను బ్రౌజర్‌కు విడిగా చేర్చుకోవలసి వచ్చేది. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలోని 'వీడియో' ట్యాగ్‌తో ఆ పని బ్రౌజరే చేస్తుంది. అయితే ఏ కోడెక్ వాడాలో ఆ ప్రమాణం నిర్ణయించలేదు. కారణం పేటెంట్లు. హెచ్.264కు లైసెన్సు రుసుము ఉండడం స్వేచ్ఛా వెబ్‌కు తగదని మొజిల్లా వాదించింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్ హెచ్.264 వైపే నిలిచాయి. గూగుల్ 2010లో వీపీ8ను రుసుము లేకుండా విడుదల చేసింది. పలు సంస్థలు కలిసి రూపొందించిన ఏవీ1 2018లో వచ్చింది. అందుకే పేజీ రాసేవారు ఒకే వీడియోను రెండు మూడు రూపాల్లో ఇస్తారు. బ్రౌజర్ వాటిని వరుసగా చూసి, తాను చూపగల మొదటిదాన్ని ఎంచుకుంటుంది.

ప్లగిన్, ఎక్స్‌టెన్షన్ ఒకటి కావు. బ్రౌజర్‌కు తెలియని ఫైలును చూపేది ప్లగిన్. బ్రౌజర్‌కు కొత్త సౌకర్యం చేర్చేది ఎక్స్‌టెన్షన్. ఒకప్పుడు పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాలకు బదులు అర్థం కాని గుర్తులు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది.

దీనివల్ల మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఫ్లాష్‌కు అడోబీ సంస్థ మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఫ్లాష్‌లోనే తయారైన పాఠాలు, ఆటలు నేటి బ్రౌజర్లలో నేరుగా తెరుచుకోవు. వాటిలోని విషయం చెడలేదు, తెరిచే తాళంచెవి పోయింది. ఒకే సంస్థ చేతిలో ఉన్న ఫార్మాట్‌కు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి మీ ప్రాజెక్టు వీడియోలను, నియమాలు బహిరంగంగా ప్రచురితమై, అనేక బ్రౌజర్లు అంగీకరించే ఫార్మాట్‌లో భద్రపరచండి. అసలు ప్రతిని చెరిపివేయకండి.

చివరగా ఒక అభ్యాసం. మీ దగ్గరున్న ఒక వీడియోను రెండు వేర్వేరు బ్రౌజర్లలో తెరవండి. తేడా కనిపిస్తే, అది పెట్టెదా, కోడెక్‌దా కనుక్కోండి.