గాయపడిన వాళ్లంతా గురువులవుతారా?

(స్త్రీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బాధ పడ్డ స్త్రీయే ఇంకో స్త్రీ బాధను అర్థం చేసుకోగలదని మనం నమ్ముతాం. మన సహాయ కేంద్రాలు చాలావరకు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. దాన్ని కాస్త పరీక్షించి చూద్దామని ఇవాళ పరుగు పందేల గురించి మాట్లాడదలుచుకున్నాను. గాయాలతో వెనకబడ్డ రన్నర్లు కోచ్‌లు కావడం ఆ రంగంలో మామూలే. అయితే ఆ గాయం వాళ్లకు ఏం నేర్పిందన్నదే ప్రశ్న.

అమెరికాలో ఆల్బర్టో సలాజార్ 1980 నుంచి 1982 దాకా వరసగా మూడేళ్లు న్యూయార్క్ మారథాన్ గెలిచాడు. 1982లో బోస్టన్‌లో గెలిచి కుప్పకూలిపోతే సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత ఆరోగ్యం దెబ్బతిని వెనకబడిపోయాడు. శరీరాన్ని పిండేస్తే ఏమవుతుందో అనుభవంతో తెలిసిన మనిషి. నైకీ కంపెనీ పెట్టిన ఆరెగాన్ ప్రాజెక్టులో కోచ్ అయ్యాడు. 2013లో మాస్కో ప్రపంచ పోటీల్లో 1500 మీటర్ల ఫైనల్లో పరిగెత్తిన పదిహేడేళ్ల మేరీ కేన్ ఆయన దగ్గర చేరింది. 2019లో ఆ అమ్మాయి బయటకొచ్చి చెప్పింది: ఇంకా సన్నబడాలని ఒత్తిడి చేశారని, తోటివాళ్ల ముందు తూకం వేశారని, మూడేళ్లు బహిష్టు ఆగిపోయిందని, అయిదు ఎముకలు విరిగాయని, చచ్చిపోదామనిపించిందని. సలాజార్ ఒప్పుకోలేదు. ఆమె 2021లో కోర్టుకెళ్లింది, 2023లో రాజీ కుదిరింది.

అత్తా ఒకింటి కోడలే అంటారు కదా. ఒక్క మనిషి స్వభావం గురించి కాదు నేను చెప్పేది. "మేం ఓర్చుకున్నాం, మీరూ ఓర్చుకోండి" అనే మాట గాయపడిన వాళ్ల నోటి నుంచే ఎక్కువగా వస్తుంది. గాయాన్ని గెలుపుకి కట్టాల్సిన ధరగా చూసినంతకాలం అది ఇంకొకరికి బదిలీ అవుతూనే ఉంటుంది.

ఇక్కడ శరీరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేకపోతే మెదడు ముందుగా పునరుత్పత్తి వ్యవస్థను తగ్గించేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది. దెబ్బ తగలకుండానే, పరుగు తాకిడికే సన్నని పగుళ్లొస్తాయి. ఎముక బలంలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది కాబట్టి ఆ వయసులో పోయింది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. 1992 నాటికే అమెరికా క్రీడావైద్యులు దీనికొక పేరు పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, ఇది మగవాళ్లకూ వస్తుందని చెబుతూ, నిర్వచనాన్ని విస్తరించింది. అంటే తెలియక జరిగేది కాదు. నెలసరి ఆగితే "బాగా శ్రమిస్తున్నావు" అని మెచ్చుకునే కోచ్‌లు అయినా ఉన్నారు.

లారెన్ ఫ్లెష్‌మన్ కూడా గాయాలతో సతమతమైన రన్నరే. అయిదు వేల మీటర్లలో రెండుసార్లు అమెరికా చాంపియన్ అయినా ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయింది. తర్వాత ఆరెగాన్‌లో స్త్రీల జట్టుకి కోచ్ అయింది. 2023లో ఆమె రాసిన పుస్తకం అడిగిన ప్రశ్న నాకు చాలా విలువైనదిగా అనిపించింది: శిక్షణ అంతా మగపిల్లల ఎదుగుదలను కొలబద్దగా పెట్టుకుని ఎందుకు నడుస్తోంది? ఈడేరాక ఆడపిల్ల వేగం కొంతకాలం నిలిచిపోవడం సహజం. దాన్ని లోపమనుకుని తిండి తగ్గించడంతోనే ప్రమాదం మొదలవుతుంది. ఆమె తన గాయాన్ని తన బలహీనతగా కాక వ్యవస్థ చేసిన పనిగా చదివింది. మేరీ కేన్ కూడా అంతే. 2021లో న్యూయార్క్‌లో అటలాంటా అనే సంస్థ పెట్టి, స్త్రీ రన్నర్లకు జీతమిచ్చి, పేద ప్రాంతాల ఆడపిల్లలకు తోడుగా పంపింది. జీతమివ్వడం చిన్న విషయం కాదు. స్పాన్సర్ మీద ఆధారపడిన రన్నర్ నోరు విప్పలేదు.

ఇప్పుడు మన సంగతి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను, శిక్షణ హాస్టళ్లను కూడా "పనిచోటు"గానే చెప్పింది. ఈ సంగతి మనలో ఎందరం హాస్టల్ పిల్లలకు చెప్పాం? కానీ అందరి ముందు తూకం వేసి అవమానించడం, పగిలిన ఎముకతో పరిగెత్తించడం, తిండి కోసేయడం లైంగిక వేధింపులు కావు కాబట్టి ఆ చట్టం కిందికి రావు. హాస్టల్లో చేరే పిల్లలు చాలామంది పేద ఇళ్ల నుంచి వస్తారు. అక్కడ దొరికే తిండీ, తర్వాత రాబోయే రైల్వే ఉద్యోగమూ కోచ్ చేతిలో ఉన్నాయనుకునే పిల్ల ఫిర్యాదు ఎవరికి చేస్తుంది? పరుగు మానేసిన మన అమ్మాయిలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. హాస్టళ్లకు మనం వెళ్లేటప్పుడు వాళ్లను వెంట తీసుకెళ్లాలని నా ప్రతిపాదన. ఐతే వెళ్లేముందు వాళ్లూ మనమూ కలిసి కూర్చుని, ఆ గాయం ఎవరి వల్ల అయిందో మాట్లాడుకోవాలి. ఈ మధ్యాహ్నం చర్చను అక్కడి నుంచే మొదలుపెడదాం.