పేరు దాచుకోనక్కర్లేని గది

(రాయ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, పరిశోధకులు కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కౌన్సెలింగ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను సిద్ధాంతాల జోలికి వెళ్లకుండా ఒక అద్దె గది గురించి మాట్లాడతాను. మనిషి మనసు విప్పాలంటే ముందు గడప దాటాలి. ఎవరు దాటగలరో, ఎవరు గేటు దగ్గరే ఆగిపోతారో కౌన్సెలర్ కంటే ముందు ఆ గదే తేల్చేస్తుంది. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో గది ప్రశాంతంగా ఉండాలని, గోప్యత ఉండాలని రాశారు. అలాంటి గది ఎవరికి అద్దెకు దొరుకుతుందో మాత్రం రాయలేదు.

ఇక్కడ అవసరం చిన్నది కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో లక్ష మందికి 12.4 మంది ఆత్మహత్య చేసుకుంటే, ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య 28.2. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల, మత, లింగ, వర్గ వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కు ఇచ్చింది. 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. ఈ రెండు హక్కులూ అమలు కావాలంటే ముందు నాలుగు గోడలు, ఒక తలుపు కావాలి.

గత ఏడాది కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందిన ఇద్దరు మిత్రులతో కలిసి నేనూ గది వెతకడం మొదలుపెట్టాను. తక్కువ ఫీజుతో శని, ఆదివారాలు నడపాలని మా ఆలోచన. ఫోన్‌లో అందరూ రమ్మనేవారు. ఎదురుగా నిలబడితే "పూరా నామ్ బతాయియే" అనేవారు. మన వైపు "మీరేమిట్లు?" అని అడుగుతారు చూడండి, ఇది దాని హిందీ రూపం. ఇంటిపేరు నచ్చితేనే ఇల్లు. ఇది రాయ్‌పూర్ సంగతి మాత్రమే కాదు. దళితులకు, ముస్లింలకు ఇల్లు నిరాకరించడాన్ని, షరతులు పెట్టడాన్ని సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో పరిశీలించి 2015లో ఇపిడబ్ల్యూలో ప్రచురించింది.

ఒక యజమాని మాత్రం సరేనన్నారు. గది బాగుంది, అద్దె తక్కువ. కానీ వచ్చేవాళ్లు టాయిలెట్ వాడకూడదన్నారు, మంచినీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. "ఎవరెవరో వస్తారు కదా" అన్నారు. ఆ "ఎవరెవరో"లో ఏముందో ఇక్కడున్న వాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

అప్పుడు ఒక సవర్ణ మిత్రుడు మంచి మనసుతోనే ఒక దారి చూపించాడు. "నా పేరు మీద తీసుకోండి, మీరు నడుపుకోండి" అన్నాడు. వేరే కాలనీలో అతని పేరు మీద గది వెంటనే దొరికింది. నిజం చెబుతున్నాను, మేం దాదాపు ఒప్పుకున్నాం.

ఆ రాత్రి నాకు బాబాసాహెబ్ బరోడా అనుభవం గుర్తొచ్చింది. 1917లో ఉద్యోగానికి వెళ్లిన ఆయనకు ఆ ఊళ్లో ఎవరూ గది ఇవ్వలేదు. పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగారు. పై అంతస్తులో వాడని సామాను మధ్య, సరైన వెలుతురు లేని చోట ఒంటరిగా గడిపారు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చిన మనుషులు బయటకు వెళ్లగొట్టారు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషి ఊరి తోటలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ రాతలో వెళ్లగొట్టిన రోజు కంటే అంతకుముందు పది రోజులే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. దాచిన పేరుతో దొరికిన గదిలో తల దాచుకోవచ్చు గానీ, మనసు విప్పుకోవడం ఎలా? మా గది కూడా అలాగే మొదలైతే, లోపలికి వచ్చే ప్రతి మనిషికీ మేం చెప్పకుండానే చెప్పే మొదటి మాట "ఇక్కడ కూడా దాచుకో" అనే కదా. అందుకే ఆ గది వదులుకున్నాం.

చివరికి రైల్వే లైను పక్క వీధిలో, ఒక సైకిల్ రిపేరు షాపు వెనక గది దొరికింది. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. మా తాత పార్వతీపురం వైపు నుంచి ఆ దారినే రైల్వే పనికి వచ్చారు. యజమానికి మా పేర్లన్నీ ముందే చెప్పాం. పదకొండు నెలల అగ్రిమెంటులో మూడు మాటలు రాయించాం. వచ్చేవాళ్లను గేటు దగ్గర ఎవరూ ప్రశ్నించకూడదు. టాయిలెట్, నీళ్లు అందరివీ. గది దేనికి వాడతామో దాచేది లేదు.

ఇక గదిని సిద్ధం చేయడం. ఒకరు లోపల మామూలు గొంతుతో మాట్లాడితే ఇంకొకరు బయట నిలబడి విన్నాం. మాట స్పష్టంగా వినిపించింది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేశాం, మందపాటి తెర కట్టాం, కూలర్‌ను వాకిట్లో పెట్టాం. మే నెల ఎండలో అది చల్లగాలి ఇస్తుంది, దాని హోరు మాటల్ని బయటకు పోనివ్వదు. రైలు వెళ్లినప్పుడు ఆగుతాం, అంతే. ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు వేశాం, మధ్యలో బల్ల లేదు. తలుపుకు దగ్గరి కుర్చీ వచ్చినవారిది, లేచి వెళ్లాలనిపిస్తే దారికి మేం అడ్డుండకూడదు. ఒకే బస్తీ వాళ్లు ఎదురుపడకుండా ఇద్దరి మధ్య అరగంట విరామం ఉంచాం. రిజిస్టరులో కులం గడి లేదు, తండ్రి పేరు గడి లేదు. పేరు వాళ్లు ఏది చెబితే అది. కులం గురించి మాట్లాడాలనుకుంటే మాత్రం దాన్ని పక్కన పెట్టి అసలు సమస్య చెప్పమనం. చాలాసార్లు అదే అసలు సమస్య.

బాబాసాహెబ్ ఫొటో పెట్టాలా వద్దా అని చాలా వాదించుకున్నాం. గది తటస్థంగా ఉండాలని ఒకరు అన్నారు. దేవుళ్ల క్యాలెండర్లు వేలాడే ఎన్నో క్లినిక్‌లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరని ఇంకొకరు అన్నారు. లోపలి గదిలో పెట్టాం. బయటి బోర్డు మీద హిందీలో "పరామర్శ్ కేంద్ర్" అని మాత్రమే రాయించాం. హిందీలో ఆ మాటకు సలహా అని అర్థం. మన తెలుగులో పరామర్శ అంటే కష్టంలో ఉన్నవారింటికి మనమే వెళ్లడం. ఇక్కడ వాళ్లే రావాలి కాబట్టి ఆ దారిని సులువు చేయాల్సింది మనం.

అన్నీ సర్దాక మా అమ్మ చూడటానికి వచ్చింది. కుర్చీలు చూడలేదు, తెర చూడలేదు. నేరుగా నీళ్ల కుండ దగ్గరకు వెళ్లి, "గ్లాసులు అందరికీ ఇవేనా?" అని అడిగింది. ఇవేనమ్మా అన్నాను. ముంచుకుని తాగి అక్కడే కూర్చుంది. పాఠ్యపుస్తకంలో లేని పరీక్ష అది.

మీలో కొందరు రేపు కౌన్సెలర్లు అవుతారు, కొందరు విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ సెల్స్ నడిపే కమిటీల్లో కూర్చుంటారు. ఆ సెల్ ఏ అధికారి గది పక్కన ఉందో చూడండి. అక్కడికి వెళ్లే విద్యార్థి ఎవరెవరి కళ్లబడతాడో చూడండి. ఫారంలో ఏ గడులున్నాయో చదవండి. 2016లో రోహిత్ వేములను పోగొట్టుకున్నాక కౌన్సెలర్లు కావాలని మనం చాలా చోట్ల అడిగాం. కౌన్సెలర్‌తో పాటు ఆ గది ఎలా ఉండాలో కూడా అడుగుదాం.

మా గదికి మెట్లు లేవు, షేర్ ఆటో దిగితే రెండు నిమిషాల నడక. ఇంకా ఒక కుర్చీ కాలు సరిచేయాలి. చూడటానికి రండి. గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ పూర్తి పేరు అడగరు.

జై భీమ్.