చక్రాల మీద కాపురము

అమెరికాలో స్థిరపడిన పిల్లలను చూచి తిరిగివచ్చిన పెద్దలు చెప్పెడి విశేషములలో ఒకటి మనకు తరచుగా వినవచ్చును. రాజబాట మీద ఒక పికప్ బండి పోవుచుండును. దాని వెనుక, చక్రముల మీద నిలిచిన ఒక ఇల్లు. అందులో వంటకు పొయ్యి, నిద్రకు పడక, స్నానమునకు గది, అన్నియు అమర్చి యుండును. దానిని ట్రావెల్ ట్రయిలరు అందురు. సెలవులకు విహారము పోవువారే దీనిని కొందురని మనము తలచెదము. కాని ఉన్న ఇల్లు అమ్మివేసి, సంవత్సరము పొడవునను అందులోనే కాపురము చేయువారు అనేకులు కలరు. వారికి ఫుల్ టైమర్లు అని పేరు.

ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ స్థాపకుడు వాలీ బయమ్ 1959లో ఇటువంటి ట్రయిలర్ల బారును వెంటబెట్టుకొని కేప్‌టౌన్ నుండి బయలుదేరి, ఆఫ్రికా ఖండమును దాటి, 1960లో కైరో చేరెను. అది యాత్ర. యాత్రకు ముగింపు ఉండును. కాపురమునకు అట్టి గడువు లేదు. ఈ జీవితములోనికి కొందరు ఇష్టపడి దిగుదురు. కొందరు ఇంటి అద్దె భరింపలేక దిగుదురు. ఈ రెండవవారిని గూర్చి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ అను గ్రంథము ప్రకటించినది. దాని ఆధారముగా 2020లో వచ్చిన చలనచిత్రమునకు 2021లో ఆస్కారు బహుమానము లభించినది. ఇష్టముతో పోయినను, అవసరముతో పోయినను, ఇల్లు అమ్మిన పిదప వెనుకకు మరలుట కష్టము. కనుక ముందుగా వేసికొనవలసిన లెక్కలు కొన్ని కలవు. వానిలో మొదటిది లాగెడి బండిని గూర్చినది.

బండి కొనబోవువాడు సామాన్యముగా అడిగెడి ప్రశ్న, “ఇది ఎంత లాగగలదు?” అని. అడుగవలసిన ప్రశ్న, “ఇది ఎంత మోయగలదు?” అని. ఈ రెండింటి భేదము మన ఎడ్లబండి తోలువానికి ఎవరును బోధింపనక్కరలేదు. ధాన్యపు బస్తాలు బండి ముందు భాగమున ఎక్కువగా వేసినచో కాడి ఎద్దుల మెడలను అణచివేయును. వెనుక ఎక్కువైనచో నొగలు పైకి లేచి, మెడకు కట్టిన త్రాడు గొంతును బిగించును. అందుచేత అతడు బస్తాలను ముందుకును వెనుకకును జరిపి, కాడి మీద తగినంత బరువు మాత్రమే నిలుచునట్లు సర్దుకొనును. ఎద్దులు బరువును లాగుటయే గాక, కొంత మోయుచున్నవి కూడ.

ట్రయిలరు విషయమును అంతే. దాని ముందు భాగమున నొగవంటి ఇనుప దూలము ఉండును. అది వచ్చి లాగెడి బండి వెనుకనున్న కొక్కెము మీద ఆనును. సామానుతో నిండిన ట్రయిలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు ఆ కొక్కెము మీద పడవలెను. పదికి తగ్గినచో వేగము హెచ్చినప్పుడు ట్రయిలరు పాము తోకవలె అటునిటు ఊగును. ఆ ఊపు ముదిరినచో ముందున్న బండిని కూడ బాటనుండి ఈడ్చివేయగలదు. పదునైదుకు మించినచో బండి వెనుక భాగము క్రుంగి, ముందు చక్రములు తేలికయై, చోదకుని చేతిలోని పట్టు సడలును.

ఒక ఉదాహరణము తీసికొందము. పౌను అనగా సుమారు 450 గ్రాములు. నిండు సామానుతో ట్రయిలరు 7,000 పౌనులు తూగుచున్నది. నూటికి 13 వంతున కొక్కెము మీద పడునది 910 పౌనులు. కొక్కెపు సామగ్రి మరి 90. బండిలో కూర్చుండు దంపతులు ఇద్దరును కలిసి 320. మొత్తము 1,320. ఆ బండి 9,500 పౌనులు లాగునని ప్రకటనలో పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. కాని చోదకుని ద్వారబంధము వద్ద అతికించిన చిన్న చీటీలో, మనుష్యులు, సామాను కలిసి 1,400 పౌనులకు మించరాదని ఉన్నది. ఇక మిగిలినది 80 పౌనులు. పనిముట్ల పెట్టె, జాకీ, ఒక పెంపుడు కుక్క ఎక్కగానే లెక్క దాటిపోవును. లాగుటకు ఇంకను 2,500 పౌనుల అవకాశము ఉండగానే మోయుటకు శక్తి చాలకపోయినది.

అట్లని ప్రకటన అబద్ధమని కాదు. బండ్ల లాగుశక్తిని కొలుచుటకు అమెరికాలోని ఇంజనీర్ల సంఘము 2008లో జె2807 అను ప్రమాణమును ఏర్పరచినది. అరిజోనా రాష్ట్రములోని డేవిస్ డామ్ వద్ద పదకొండు మైళ్ల పైచిలుకు ఎగువబాట ఆ పరీక్షకు ఆదర్శము. ఎండ మండుచుండగా, బండిలో చల్లని గాలి యంత్రము పూర్తిగా పనిచేయుచుండగా, ఆ ఎత్తును నిర్ణీత వేగముతో ఎక్కవలెను. పరీక్ష కఠినమైనదే. కాని పరీక్షకు నిలిచిన బండిలో కాపురపు సామాను ఉండదు. కాపురము చేయువాని బండిలో ఉండును.

ఇందుచేతనే విహారికునికి చాలిన బండి ఫుల్ టైమరుకు చాలదు. వారము రోజులకు పోవువాడు రెండు జతల బట్టలతో పోవును. ఇల్లే వెంటబెట్టుకొని పోవువాడు చలికాలపు కంబళ్లు, దస్తావేజులు, మందులు, పాత్రలు అన్నియు మోయవలెను. మన తెలుగువారు ఈ జీవితమునకు దిగినచో రుబ్బురోలు స్థానమున వచ్చిన గ్రైండరును, ఆవకాయ జాడీని విడిచి పోవుదురని మేము నమ్మజాలము. నీటి బరువును మరువరాదు. 40 గాలనుల తొట్టి నిండినచో 330 పౌనులకు పైగా తూగును. కనుక అమ్మకపువాడు చెప్పెడి ఖాళీ బరువును విడిచిపెట్టి, ట్రయిలరు మీద ముద్రించిన గరిష్ఠపు బరువునే లెక్కకు తీసికొనవలెను. ముందుగా ఇంటిని నిర్ణయించి, దానికి తగిన బండిని వెదకవలెను. బండి ముందే ఉన్నచో, ఎంత ఇల్లు కావలెనో ఆ బండియే నిర్ణయింపవలెను.

డీజిలు యంత్రము బలమైనదే. కాని దాని బరువు వలన ఒకే తరగతి బండ్లలో మోయుశక్తి తగ్గుట కద్దు. ముందు వెనుక చక్రముల నడుమ దూరము ఎక్కువగా ఉన్న బండి నిలకడగా పోవును. ట్రయిలరుకు స్వంత బ్రేకులు ఉండవలెను, వానిని చోదకుడు చేతితో ప్రయోగింపగల సాధనము బండిలో ఉండవలెను. ఊపు పుట్టినప్పుడు బండి బ్రేకును గట్టిగా నొక్కుట ప్రమాదము. వేగమును మెల్లగా తగ్గించి, ట్రయిలరు బ్రేకును మాత్రము వేయవలెను. ఘాట్ రోడ్డు దిగునప్పుడు తక్కువ గేరులో దిగవలెను.

బండి సిద్ధమైనను కాపురము సిద్ధమైనట్లు కాదు. ఇల్లు లేనివానికి చిరునామా ఉండదు. చిరునామా లేనిదే లైసెన్సు లేదు, ఉత్తరము రాదు. అందుచే పలువురు దక్షిణ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా రాష్ట్రములలో ఉత్తరములు అందుకొని పంపెడి సంస్థల ద్వారా చిరునామా ఏర్పరచుకొందురు. ఆ మూడింటను రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. విహారికుల బీమా వేరు, నివాసముండువారి బీమా వేరు. కొన్ని ట్రయిలర్ల హామీపత్రములు నిత్యనివాసమునకు వర్తింపవు. ప్రభుత్వపు బయలు భూములలో సాధారణముగా ఒకచోట పదునాలుగు దినములకు మించి విడియరాదు. అరిజోనాలో క్వార్ట్‌జైట్ వద్ద మాత్రము సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు, అనుమతి రుసుము చెల్లించి దీర్ఘకాలము ఉండవచ్చును. శీతకాలమున వేలకొలది ట్రయిలర్లు అచ్చటికి చేరును.

ఇల్లు అమ్ముటకు ముందు ఒక నెల, అదియును వానలోనో చలిలోనో, అద్దె ట్రయిలరులో నివసించి చూచుట వివేకము. ఎండకాచెడి పది దినములలో ఏ కాపురమైనను సుఖముగానే తోచును. పిమ్మట సామాను నింపి, నీరు నింపి, ఇద్దరును కూర్చుండి, లారీలు ఆగుచోట నుండెడి కాటా మీద బండిని తూపింపవలెను. ఇరుసు ఇరుసుకు ఎంత బరువో వేర్వేరుగా ఆ చీటీలో వచ్చును.

ఆ చీటీని దంపతులిద్దరును కలిసి చదువవలెను. బరువు మించినచో ఏది దింపవలెనో ఒక్కరే నిర్ణయించుట న్యాయము కాదు. భర్త పనిముట్లును, భార్య పుస్తకములును కాటాకు సమానమే. ట్రయిలరును తగిలించుట, విప్పుట, వెనుకకు నడుపుట కూడ ఇద్దరును నేర్వవలెను. ఊరికి దూరముగా విడిసియున్న రాత్రి చోదకునికి గుండెనొప్పి వచ్చినచో, ఆ ఇంటిని విప్పి, బండిని ఆసుపత్రికి నడుపవలసినది ప్రక్కన కూర్చుండిన వ్యక్తియే. ఆమెకు ఆ పని వచ్చునా అను ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే ఇంటి తాళపుచెవులు ఇతరుల చేతికి ఇయ్యవలెను.